ఆదోని నేల మీద సుల్తాను ఓడ

మా చరిత్ర పుస్తకంలో ఆ సుల్తాను గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. పద్నాలుగువందల యాభై మూడులో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని పట్టుకున్నారని. ఆ నగరం పేరు పలకడమే మాకు పెద్ద గండం. ఒక్కొక్కరినీ లేపి చదివిస్తే నాలుక మడతపడేది, క్లాసంతా నవ్వేది. అంతకుముందున్న టీచరు ఆ వాక్యం కింద గీత గీయించి పేజీ తిప్పేసేవారు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన టీచరు మాత్రం పుస్తకమే మూసేశారు.

ఆమె ఆదోనిలోనే పుట్టిన ముస్లిం ఇంటి ఆడపడుచు. మద్రాసులో చదువుకుని వచ్చారు. పొద్దున్నే జట్కా దిగి, బురఖా తీసి మడిచి స్టాఫ్ రూములో పెట్టి, చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ మా క్లాసులోకి వచ్చేవారు. ఆడపిల్లల హైస్కూలు మాది. ఆదోని పిల్లలే ఎక్కువ. నాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేసేవాడు. ఎమ్మిగనూరులో ఆడపిల్లలు చదివేందుకు పై తరగతులు లేవని, ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీ పనికి పోయే చిన్నమ్మ ఇంట్లో నన్ను ఉంచారు.

"ఆ ఊరిని పట్టుకున్నవాడికి అప్పుడు వయసెంతో తెలుసా?" అని అడిగారు టీచరు.

మాకేం తెలుసు! సుల్తాను అంటే తెల్లగడ్డం, పెద్ద పొట్ట అనుకున్నాం.

"ఇరవై ఒకటి. మీ అన్నల వయసు."

అంతే, వెనక బెంచీలో కునుకు తీసే పిల్లలు కూడా లేచి కూర్చున్నారు. ఆమె చెప్పడం మొదలుపెట్టారు. అతను తండ్రికి మూడో కొడుకు. తల్లి దాసీగా ఆ ఇంట్లోకి వచ్చిన మనిషి. పెద్ద కొడుకులు ఇద్దరూ పోయాక అందరి కళ్ళూ ఈ పిల్లవాడి మీద పడ్డాయి. ఎవరు చదువు చెప్పబోయినా వినేవాడు కాదు. చివరికి తండ్రి ఒక పండితుడి చేతికి బెత్తం ఇచ్చి పంపాడు. బెత్తం చూసి పిల్లవాడు నవ్వాడు. పండితుడు నిజంగానే నాలుగు తగిలించాడు. అది చెబుతూ టీచరు చాక్‌పీసుతో బల్ల మీద టప్పున కొట్టేసరికి మేమంతా ఎగిరిపడ్డాం.

పన్నెండేళ్ళకే తండ్రి అతనికి రాజ్యం అప్పగించి, నాకిక చాలని పక్కకు తప్పుకున్నాడట. పిల్లవాడు సింహాసనం మీద ఉన్నాడని తెలిసి శత్రువులు దండెత్తి వచ్చారు. అప్పుడా పిల్లవాడు తండ్రికి కబురు పంపాడు. సుల్తానువి నువ్వే అయితే వచ్చి నీ సైన్యాన్ని నడుపు. నేనే సుల్తానునైతే ఇది నా ఆజ్ఞ, వచ్చి నా సైన్యాన్ని నడుపు.

"అబ్బా!" అంది నా పక్క పిల్ల, నా తొడ మీద గట్టిగా గిచ్చి. ఆ గిచ్చుడు నాకు ఇప్పటికీ గుర్తే.

తండ్రి వచ్చి యుద్ధం గెలిచాడు. కొంతకాలానికి సింహాసనమూ తిరిగి తీసుకున్నాడు. కొడుకును దూరపు ఊరికి పంపేశారు. తండ్రి చనిపోయాక పంతొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ సుల్తాను అయ్యాడు. ఆ మధ్య ఏళ్ళలో అతనికి ఒకే ధ్యాస అట, ఆ నగరం. మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క కోటగోడలు. రేవులోకి ఓడలు రాకుండా నీటి మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఇనుప గొలుసు.

"మరి ఏం చేశాడు?" అన్నాం అందరం ఒక్కసారే.

"ఓడల్ని నేల మీదికి ఎక్కించాడు. దుంగలు పరిచి, వాటికి కొవ్వు పూసి, మనుషులూ ఎద్దులూ కలిసి గుట్ట మీదుగా లాగి, గొలుసు అవతల నీళ్ళలోకి దించారు. తెరచాపలు కూడా ఎత్తారు. కోటలోని వాళ్ళు పొద్దున్నే చూస్తే కొండ మీద ఓడలు నడిచి వస్తున్నాయి."

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

స్కూలు వార్షికోత్సవం దగ్గరపడుతోంది. ప్రతి ఏడూ కోలాటం, ఒక పురాణ ఘట్టం. ఈసారి మా సుల్తాను నాటకం వేద్దామని టీచరు అన్నారు. మా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. సుల్తాను వేషం నాకే వచ్చింది. ఎందుకంటే క్లాసులో అందరికంటే పొడుగు నేనే. గొంతు కూడా పెద్దది. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళం, అరిస్తేనే ఒకరి మాట ఒకరికి వినిపించే ఇంట్లోవాళ్ళం.

శనివారం ఎమ్మిగనూరు పోయి ఎగురుతూ ఈ మాట చెప్పాను. నాన్న ముఖం మాడిపోయింది.

"ఆడపిల్ల మీసాలు పెట్టుకొని నాటకమాడేదేమి? సదువుకోను పంపినామా, ఆటలాడను పంపినామా?"

అవ్వ, అంటే నాన్నకు అమ్మ, గుమ్మంలో కూర్చుని నూలు కండెలు చుడుతూ, "అది ఏడుస్తాది, వదిలెయ్‌రా" అంది. నాన్న వినలేదు. సోమవారం పోయి టీచరుకు చెప్పి భోరున ఏడ్చాను. ఆమె మా వీధి పేరు అడిగి రాసుకున్నారు. ఆ వచ్చే ఆదివారం వాళ్ళమ్మను తోడు తీసుకుని బస్సెక్కి మా వీధిలో దిగారు!

బురఖాలో ఇద్దరు ఆడవాళ్ళు మా ఇల్లు ఎక్కడని అడుగుతుంటే వీధిలోని మగ్గాలన్నీ ఆగిపోయాయి. నాన్న మాత్రం ఆపలేదు. మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "కూసోండమ్మా" అన్నాడు. నూలు పోగు లాగే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. టీచరు చాప మీద కూర్చుని నాటకం ఊసే ఎత్తలేదు. ఆ పిల్లవాడి కథ చెప్పడం మొదలుపెట్టారు, బెత్తం దగ్గర నుంచి. తండ్రికి కబురు పంపిన దగ్గర నాడె నెమ్మదించింది. ఇనుప గొలుసు దగ్గర ఆగింది. ఓడలు గుట్ట ఎక్కేసరికి నాన్న గుంతలోంచి సగం పైకి లేచి నిలబడ్డాడు.

"అంత బరువు ఎట్ల లాగినారమ్మా? దుంగలు జారిపోవా?"

"జారాలనే కదన్నా కొవ్వు పూసింది. వెనక్కి పోయిన దుంగను మళ్ళీ ముందుకు తెచ్చి వేసేవాళ్ళు."

నాన్న కాసేపు తల గోక్కున్నాడు. "సరే. కానీ మగోళ్ళు సూడకూడదు. ఆడోళ్ళే సూడల్ల. అట్లయితే ఆడుకోనీ." ఆ తర్వాత తనకు తానే, "సుల్తానంటే తలపాగా పెద్దది ఉండల్ల గదా" అన్నాడు. ఆ తలపాగా తనే నేశాడు, వెన్నలాంటి తెల్లటి గుడ్డ, అంచుకు సన్నటి ఎర్రగీత. పాత మగ్గాల్లో బట్ట చుట్టుకునే గుండ్రటి కర్రలు వీధి అంతా తిరిగి పోగుచేసి, ఓడ కింద దుంగలకని అవీ పంపాడు.

ఇక ఓడ కావాలి. ఆదోనిలో ఓడ ఎక్కడిది! మా స్కూలు ఆయాకు అన్న ఒకడు మంత్రాలయం దగ్గర తుంగభద్ర మీద పుట్టి నడిపేవాడు. వెదురుతో బుట్టలా అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. అతను మాకోసం ఒక పాత పుట్టిని యాత్రికుల బస్సు టాపు మీద బోర్లించి కట్టి పంపాడు. ఆ బస్సు ఆదోని బజారులోకి వచ్చిన మధ్యాహ్నం మేము కొందరం ఆయాతో పాటు బస్టాండుకు పరిగెత్తాం. దూరం నుంచి చూస్తే బస్సుకే పెద్ద టోపీ పెట్టినట్టుంది! అప్పుడు తుంగభద్ర కాలువ నీళ్ళు వస్తాయని మా పక్క అందరూ ఎదురుచూస్తున్న రోజులు. దూది బస్తాల బండి ఆపి ఒకాయన అడిగాడు.

"ఏమప్పా, ఆదోనికి ఏరు వస్తాందా?"

"రాలేదన్నా," అన్నాడు కండక్టరు తాడు విప్పుతూ, "ఏరు యెనకాల వస్తాదంట. పడవ ముందొచ్చింది."

బజారంతా నవ్వింది. పుట్టిని ఎడ్లబండి మీద ఎక్కించి స్కూలుకు తీసుకుపోతుంటే మా వెనక ఊరేగింపులా జనం. నేను ముందు నడిచాను. వేషం ఇంకా వెయ్యకుండానే సుల్తానును అయిపోయాను.

రిహార్సళ్ళు జోరుగా సాగుతున్నాయి. అప్పుడు టీచరు ఆ ఘట్టం చెప్పారు. రెండోసారి సింహాసనం ఎక్కగానే సుల్తాను చేసిన మొదటి పనుల్లో ఒకటి అది. తండ్రికి చివర్లో పుట్టిన పసిబిడ్డ ఒకడున్నాడు, ఇతనికి తమ్ముడు, ఇంకా పాలు మానలేదు. రేపు పెద్దవాడై రాజ్యానికి పోటీ వస్తాడని అతణ్ణి చంపించాడు. అదే సమయంలో ఆ బిడ్డ తల్లి ఎదుట నిలబడి కొత్త సుల్తానుకు శుభం పలుకుతోంది.

అప్పటిదాకా అతను మావాడు. "నేను ఆ చంపమనే మాట అనను టీచర్" అన్నాను. హెడ్మిస్ట్రెస్ కూడా అది తీసేస్తే బాగుంటుందన్నారు.

టీచరు నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వు అనకపోతే అతను అననట్టు అవుతుందా?" అని మాత్రం అడిగారు. ఆ ఘట్టం ఉండిపోయింది. బిడ్డను మా చిన్నమ్మ పాతగుడ్డలూ జిన్నింగు దూదీ పెట్టి కుట్టింది. కాటుకతో కళ్ళు పెట్టింది. ఎంత ముద్దుగా ఉందో!

నాటకం రోజు ఎండ ఇంకా దిగకముందే స్కూలు ఆవరణ నిండిపోయింది. తెరలు కట్టిన జట్కాల్లో బురఖా ఆడవాళ్ళు, షావుకార్ల ఇళ్ళ వాళ్ళు, చర్చి వీధి వాళ్ళు, జిన్నింగులో పని దిగి జుట్టుకు దూదిపింజలతోనే వచ్చిన మా చిన్నమ్మ జట్టు. ఎమ్మిగనూరు నుంచి అవ్వ వచ్చి ముందు వరుసలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నాన్న అవ్వను గేటు దాకా దింపాడు. నాన్న పెట్టిన షరతు ప్రకారమే ఆయా ఆయన్ను లోపలికి రానివ్వలేదు. స్కూలు గోడ అవతల ఫ్యాక్టరీ దొడ్డిలో కొండంత దూదికుప్ప ఉండేది. దాని మీద అప్పటికే కొందరు మగవాళ్ళ తలలు కనబడుతున్నాయి.

మసీ ఆముదమూ కలిపి నాకు మీసాలు దిద్దారు. తెర లేచింది. బెత్తం దెబ్బకు నవ్వారు. తండ్రికి కబురు పంపినప్పుడు చప్పట్లు. నాలో ఏదో పూనినట్టే ఉంది. కాళ్ళు నేల మీద లేవు. తర్వాత ఆ ఘట్టం వచ్చింది. నా పక్క బెంచీ పిల్లే బిడ్డతల్లి వేషం. ఆమె వంగి నాకు శుభం చెబుతుంటే, నేను భటుడి వేషంలో ఉన్న చిన్నపిల్ల వైపు తిరిగి, నేర్చుకున్న మాట నేర్చుకున్నట్టే అన్నాను.

"ఆ బిడ్డ బతికితే రాజ్యం రెండు ముక్కలవుతుంది. తీసుకుపోండి."

భటుడు ఊయలలోంచి బిడ్డను ఎత్తుకున్నాడు.

"ఒసే!"

ముందు వరుసలో అవ్వ లేచి నిలబడింది.

"పాలు తాగే బిడ్డ నీకేం సేసిందే? వాళ్ళమ్మ ఎదురుగా నిలబడుకోని ఉంటే ఆ మాట నోట్లోంచి ఎట్ల వచ్చెనే? మా ఇంట్లో పుట్టినదానివేనా నువ్వు?"

అంటూనే బెంచీ మీద కాలు పెట్టి స్టేజీ ఎక్కేసింది. భటుడి చేతిలోంచి బిడ్డను లాక్కుని చంకనేసుకుని, నావైపు ఒక చూపు చూసి, దిగి పోయి తన చోట కూర్చుంది. కొంగు కూడా కప్పింది బిడ్డకు.

"మంచి పని సేస్తివి అవ్వా!" అని ఎవరో అరిచారు. ఇక చప్పట్లే చప్పట్లు. బురఖాల్లోంచి చేతులు బయటికి వచ్చి మరీ కొడుతున్నారు. బిడ్డతల్లి వేషంలో ఉన్న నా స్నేహితురాలు కుప్పకూలి ఏడవాలి. బిడ్డ అక్కడ అవ్వ ఒళ్ళో క్షేమంగా కనబడుతుంటే ఏడవాలో వద్దో తెలియక నన్ను చూసి ఫక్కున నవ్వేసింది. నాకు చెమటలు పట్టాయి. మీసం కరుగుతోంది. నోటికి వచ్చింది అరిచాను.

"సభ ముగిసింది!"

తెర పడింది. టీచరు నా దగ్గరికి పరిగెత్తుకు వచ్చారు. తిడతారనుకున్నాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, నవ్వుతున్నారు. "అరే, ఐదువందల ఏళ్ళుగా ఈ కథ చెప్పుకుంటున్నారు. ఆ బిడ్డ కోసం లేచి వచ్చింది మీ అవ్వేనమ్మా!" అని నా తలపాగా సరిచేసి, "పో, ఇక ఓడలు" అని వీపు తట్టి తోశారు.

ఓడల ఘట్టం స్టేజీ మీద కాదు. గేటు దగ్గర నుంచి ఆడవాళ్ళ మధ్యగా దారి విడిచాం. నాన్న పంపిన కర్రలు ఆ దారిలో పరిచి, వేరుశనగ బుడ్డల నూనె పూశాం. పుట్టికి నడుమ వెదురు నాటి, ఎర్రచీర తెరచాప కట్టాం. నేను స్టేజీ మీద నుంచి చెయ్యి చాచి, "నీళ్ళదారి మూశారా? నేలదారి ఎవరు మూస్తారు? లాగండి!" అని ఆజ్ఞ ఇచ్చాను. యుద్ధభేరీలుగా తెర వెనక కిరసనాయిలు డబ్బాలు దడదడ మోగాయి.

పిల్లలు తాడు పట్టి లాగారు. పుట్టి కదిలింది! గుండ్రటిది కదా, ముందుకు పోకుండా తనచుట్టు తాను తిరిగింది. తెరచాప ఒక షావుకారమ్మ ముఖానికి తగిలింది. నాలుగు బారలు వచ్చి ఆగిపోయింది. పొద్దున దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లించారు. నల్లరేగడి నేల, కర్రలు బురదలో కూరుకుపోయాయి. పిల్లలు ఎంత గుంజినా కదల్లేదు. కొందరికి ఏడుపు వచ్చేస్తోంది.

అప్పుడు లేచింది మా చిన్నమ్మ, చీర కొంగు నడుముకు దోపుకుంటూ.

"తప్పుకోండే. దినామూ దూది బస్తాలు లాగే సేతులివి. దీన్ని లాగలేమా!"

జిన్నింగు జట్టు మొత్తం లేచింది. వాళ్ళ వెనకే చర్చి వీధి వాళ్ళు లేచారు. జట్కాల్లో వచ్చిన బురఖా ఆడవాళ్ళు ఇద్దరు ముందు వెనకాడి, తర్వాత వాళ్ళూ వచ్చి తాడు పట్టారు. "ఐలేసా!" అని చిన్నమ్మ, "ఐలేసా!" అని అందరూ. పుట్టి బురదలోంచి లేచింది. అప్పుడు గోడ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"యెనక కర్ర ముందరికి తెచ్చెయ్యండే! యెనకది, యెనకది! బిర్రున తేండి!"

ఆ గొంతు నాకు తెలుసు. మగ్గాల చప్పుడును కూడా దాటి వినిపించే గొంతు. తలెత్తి చూస్తే దూదికుప్ప మీద, మోకాళ్ళ దాకా తెల్లటి దూదిలో దిగబడి, రెండు చేతులూ ఊపుతూ మా నాన్న!

నేను సుల్తానునని మరిచిపోయి, "నాన్నా!" అని అరిచాను. ఎవరూ వినిపించుకోలేదు. అందరూ అరుస్తున్నారు. నాన్న చెప్పినట్టే చిన్నపిల్లలు వెనక కర్రలు తీసి ముందుకు పరిగెత్తి వేస్తున్నారు. పుట్టి ఊగుతూ, తిరుగుతూ, ఎర్రచాప రెపరెపలాడిస్తూ వచ్చి స్టేజీకి ధడేలున తగిలింది. నా కాళ్ళ కింద బల్లలు కదిలాయి. కోట గోడలకని కట్టిన గోనెతెర దానంతట అదే ఊడి పడింది. దాన్ని పడగొట్టడానికి మేము ఫిరంగి సిద్ధం చేసుకున్నాం. ఇక ఆ అవసరమే లేకపోయింది.

చివరిది, నగరంలోకి అడుగుపెట్టడం. సుల్తాను గుర్రం దిగి, గర్వం రాకుండా పిడికెడు మన్ను తీసి తన తలపాగా మీద పోసుకున్నాడని టీచరు చెప్పారు. నేను స్టేజీ దిగి, వంగి, చేతికందిన నల్లమన్ను తీసుకున్నాను. తడిమన్ను. తల మీద వేసుకున్నాను.

"ఓ యమ్మా, తలపాగా!" అని గోడ అవతల నుంచి ఒకే ఒక్క కేక.

ఆడవాళ్ళంతా అటు తిరిగి చూశారు. దూదికుప్ప మీద తలలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

ఆ సాయంత్రం నాన్న, అవ్వ, నేను ఎమ్మిగనూరు బస్సెక్కాం. సబ్బుతో రుద్దినా మీసం పూర్తిగా పోలేదు. కండక్టరు నన్ను చూసి చెయ్యెత్తి సలాము కొట్టాడు. బస్సు నిండా ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనం చేసుకుని తిరిగొచ్చే జనం. నాన్న నాతో మాట్లాడలేదు, కోపమేమో అనుకున్నాను. ఊరు దాటాక నెమ్మదిగా అడిగాడు.

"ఊరు పట్టుకున్న తర్వాత ఏం సేసినాడు?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంజను మోతలో అరుస్తూ చెప్పాను. పాడుబడిన ఊరిని మళ్ళీ కట్టించాడు, నానా దేశాల మనుషుల్ని తెచ్చి నిలిపాడు, బజార్లు కట్టించాడు, చాలా భాషలు నేర్చాడు, తీరిక దొరికితే తోటలో తనే మన్ను తవ్వేవాడు. వేరే మతంలో పుట్టిన సవతి తల్లిని ఎంతో మర్యాదగా చూసుకున్నాడు.

"సవతి తల్లిని సూసుకునె. మరి ఆ బిడ్డ తల్లి?" అంది అవ్వ కిటికీలోంచి ముఖం తిప్పకుండానే.

"ఇంకొకరికిచ్చి పెళ్ళి చేసినారంట అవ్వా."

"ఆయమ్మను అడిగినారా?"

ఆ సంగతి మా టీచరు చెప్పలేదు. అవ్వ వైపు జరిగి, "అది నాటకమని తెలీదా అవ్వా నీకు?" అన్నాను.

"తెలుసులేవే. తెలిసీ కూసోలేకపోతి."

ముందు సీట్లో కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన ఎప్పుడు తిరిగాడో, పూర్తిగా మా వైపు తిరిగి కూర్చున్నాడు. "ఆమీద ఏమాయ పాపా?" అన్నాడు. నిలబడ్డవాళ్ళూ దగ్గరికి జరిగారు. నేను సీటు మీద మోకాళ్ళేసి అందరికీ వినబడేలా చెప్పాను. ఇద్దరు కొడుకులు తండ్రి తర్వాత రాజ్యానికి కొట్టుకున్నారని, సుల్తాను మాత్రం ముసలితనం రాకముందే, పెద్ద సైన్యంతో దండయాత్రకు బయల్దేరి దారిలోనే డేరాలో కన్నుమూశాడని.

"యాడికి పోతాండె?"

"ఎవరికీ తెలీదు తాతా. ఏ దేశం మీదికి పోతాడో ముందుగా ఎవరికీ చెప్పేవాడు కాదంట."

బస్సులో అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఒకరు ఆ దేశమంటారు, ఒకరు ఈ దేశమంటారు, ఆ దేశాల పేర్లు కూడా సరిగా తెలియని వాళ్ళం. నాన్న కూడా గొంతు పెంచి, "సముద్రం పక్కకే పోయింటాడు, ఓడలుండె గదా" అని వాదానికి దిగాడు. ఎమ్మిగనూరు వచ్చి బస్సు ఆగింది, కండక్టరు విజిలు ఊదాడు. ఎవరూ దిగలేదు.